ఓసీడీ అంటే చేతులు కడుక్కోవడం ఒక్కటే కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మానసిక ఆరోగ్యం గురించి మీరు వేసే వ్యాసాలు దాదాపు అన్నీ చదువుతాను. ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అంటే వద్దన్నా వచ్చిపడే ఆలోచనలు, ఆ భయం తీరడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయడం) మీద ఎప్పుడు రాసినా పక్కన సబ్బు నురగ పట్టిన చేతుల బొమ్మ ఒకటి ఉంటుంది. అదీ ఓసీడీయే, కాదనను. కానీ ఆ బొమ్మ చూసి 'ఇది నా గురించి కాదులే' అని పేజీ తిప్పేసేవాళ్లు ఎందరో ఉంటారు, తమకున్నదీ ఇదే జబ్బని, దీనికి చికిత్స ఉందని ఎవరూ చెప్పక ఏళ్ల తరబడి లోలోపలే నలిగిపోతుంటారు. చాలా కాలంగా దీంతో బతుకుతున్న మనిషిగా వాళ్ల కోసమే రాస్తున్నాను.

నాది సరిచూసుకునే రకం. గ్యాస్ కట్టేశానా లేదా అని. నాబ్ ఆఫ్‌లో ఉన్నట్టు కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, తడిమితే వేళ్లకూ తెలుస్తుంది, అయినా ఆ సంగతి మనసుకు ఎక్కదు. వాసన చూస్తాను, బర్నర్ దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను, 'కట్టేసే ఉంది' అని పైకి అంటాను, గుమ్మం దాకా వెళ్తాను, అక్కడ మళ్లీ మొదలు: ఇందాక తడిమినప్పుడు పొరపాటున తిప్పేశానేమో! ఇంట్లోవాళ్లు చెప్పులేసుకుని బయట నిలబడి ఉంటారు. ఇంకొక్కసారి చూసొస్తే తీరిపోతుంది కదా అనిపిస్తుంది గానీ, చూసినకొద్దీ అనుమానం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 2003లో వాన్ డెన్ హౌట్, కిండ్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఏ జబ్బూ లేని మామూలు మనుషుల చేత కంప్యూటర్ తెర మీద ఒక గ్యాస్ స్టవ్‌ను పదే పదే సరిచూయించారు. ఏం చూశారో వాళ్లకు సరిగ్గానే గుర్తుంది, కానీ ఆ జ్ఞాపకం మసకబారింది, దాని మీద వాళ్లకున్న నమ్మకం తగ్గిపోయింది. అది చదివినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా జ్ఞాపకశక్తికి ఏమీ కాలేదు, సరిచూడటమే నా నమ్మకాన్ని తినేస్తోంది అన్నమాట.

అయితే నాది పది మందిలో చెప్పుకోగలిగిన బాధ. చెప్పుకోలేనివి ఉన్నాయి. పసిబిడ్డను ఎత్తుకున్న తల్లికి 'వీణ్ణి కింద పడేస్తేనో' అని ఒక్క క్షణం ఒక ఆలోచన వస్తుంది, ఆ రోజు నుంచి ఆమె బిడ్డకు స్నానం చేయించడానికే భయపడుతుంది, ఇంట్లో చాకులన్నీ దాచేస్తుంది. ఒకరికి ప్రార్థనలో కూర్చుంటే బూతు మాట మెదులుతుంది, పాపం చేశానని ఆ ప్రార్థన మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. ఇంకొకరికి తలుచుకోవడానికే అసహ్యం వేసే లైంగిక ఆలోచనలు. బండి నడుపుతుంటే చిన్న కుదుపు వచ్చినా ఎవరినో గుద్దేశానని వెనక్కి తిరిగి రోడ్డంతా వెతికేవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ ఓసీడీయే. నిజానికి ఇలాంటి ఆలోచనలు రావడం వింతేమీ కాదు, 1978లోనే రాక్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు అడిగి చూస్తే ఏ జబ్బూ లేనివాళ్లలోనూ ఎక్కువమంది తమకూ వస్తాయన్నారు. వాళ్లు 'ఛీ' అనుకుని వదిలేస్తారు. మేము 'ఇలాంటి ఆలోచన వచ్చిందంటే నేనెలాంటి మనిషినో' అని దాన్ని పట్టుకుని విచారణకు కూర్చుంటాం. బిడ్డ ప్రాణం కాబట్టే ఆ తల్లి ఆ ఆలోచనకు అంతగా హడలిపోతుంది, ఎవరికైనా చెబితే పిచ్చిదనుకుంటారనో బిడ్డను దగ్గరికి రానివ్వరనో నోరు విప్పదు. దయచేసి చెప్పమ్మా. ఓసీడీ తెలిసిన డాక్టర్లకు ఇవి కొత్త కాదు, విని ఉలిక్కిపడరు.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. 'తలుపేశానా?', 'నేను చెడ్డదాన్నా?' అని మేము అడిగితే మీరు ప్రేమకొద్దీ 'వేశావు', 'కాదమ్మా' అంటారు. ఆ మాటతో ప్రాణం కుదుటపడుతుంది, కాసేపే, ఆ తర్వాత మళ్లీ అదే ప్రశ్న. మా బదులు మీరు వెళ్లి తలుపు చూసి రావడం కూడా అంతే, జబ్బుకు మేత వేసినట్టే. అలాగని కసిరితే ఇంకా కుంగిపోతాం. మేము నెమ్మదిగా ఉన్నప్పుడు ముందే మాట్లాడుకుని, 'ఇది అడుగుతున్నది నీ ఓసీడీ, దానికి నేను జవాబు చెప్పను, కానీ నీ పక్కనే కూర్చుంటాను' అనగలిగితే చాలు.

ఇక చికిత్స. దాన్ని ఈఆర్‌పీ అంటారు, ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త 1966లో ఇద్దరు రోగులకు ఈ పద్ధతిలో చేసిన వైద్యం గురించి రాశారు, అప్పటిదాకా ఇది మొండి జబ్బుల లెక్కలోనే ఉండేది. మనం దేనికి భయపడతామో అవన్నీ తక్కువ టెన్షన్ పెట్టేదాని నుంచి ఎక్కువ పెట్టేదాని వరకు వరసగా రాసుకుని, ఒక్కొక్కటీ కావాలనే చేయాలి, చేశాక అలవాటుగా చేసే ఆ కడగడమో చూడటమో చేయకుండా ఉండిపోవాలి. నా విషయంలో అయితే స్టవ్ ఒక్కసారి కట్టేసి, మళ్లీ తడమకుండా వంటింట్లోంచి బయటికి రావడం. గుండె దడ, అరచేతుల్లో చెమట, ఏదో ఘోరం జరిగిపోబోతోందన్న భయం. ఆ భయం పెరుగుతుంది, చాలాసేపు అక్కడే ఉంటుంది, తర్వాత మెల్లగా దానంతటదే దిగుతుంది. దిగని రోజున కూడా దాన్ని వెంటబెట్టుకునే బయటికి వెళ్లగలనని తెలిసింది చూడండి, నాకు ఆశ పుట్టింది అప్పుడే.

మందులూ ఉన్నాయి, ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవోక్సమిన్ లాంటివి. ఓసీడీకి వాటి మోతాదు తరచుగా డిప్రెషన్‌కు ఇచ్చేదానికంటే ఎక్కువే కావాల్సి వస్తుంది, గుణం తేలడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. రెండు వారాలకే 'పని చేయట్లేదు' అని మానేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. డాక్టరుకు చెప్పకుండా ఆపకండి.

నాకు ఆ అనుమానం రావడం ఇప్పటికీ ఆగలేదు, నిద్ర చాలనప్పుడు గట్టిగానే వస్తుంది. వస్తే రానీ అని తాళం వేసి నడుస్తాను. ఇదివరకు ఎవరితో కూర్చున్నా లోపల స్టవ్ గోలే నడుస్తుండేది, ఇప్పుడు ఎదుటి మనిషి చెబుతున్న మాట పూర్తిగా వినపడుతోంది.

ఎడిటర్ గారూ, ఈసారి ఓసీడీ మీద వ్యాసం వేసేటప్పుడు పైకి కనపడని ఈ ఆలోచనల గురించి కూడా రాయించండి. ఈఆర్‌పీ అన్న పేరు మాత్రం తప్పకుండా ఉండేలా చూడండి. డాక్టరు దగ్గర కూర్చుని 'మీరు ఈఆర్‌పీ చేస్తారా, లేకపోతే చేసేవాళ్లెవరైనా తెలుసా' అని అడగాలంటే రోగికి ముందు ఆ పేరు తెలియాలి కదా.

ఇట్లు,
మీ పాఠకురాలు