ఐక్యత ప్రార్థనా వారంలో మాతో చేయి కలిపిన సంఘాలన్నిటికీ కృతజ్ఞతలు

ఈ జనవరి 18 నుంచి 25 వరకు మన ఊళ్లో జరిగిన క్రైస్తవ ఐక్యత ప్రార్థనా వారం దేవుని దయవల్ల చక్కగా ముగిసింది. సీఎస్‌ఐ (దక్షిణ భారత సంఘం) అయ్యగారికి, లూథరన్ అయ్యగారికి, అమ్మగారికి, బాప్టిస్టు సంఘపెద్దలకు, నాలుగు సంఘాల గాయక బృందాలకు, మఠం సిస్టర్లకు, వంట దగ్గర నిలబడ్డ అక్కలకు, మైకు అన్నకు మా కతోలిక విచారణ (పారిష్) తరఫున మనస్ఫూర్తిగా వందనాలు. పేర్లు రాయొద్దని చాలామంది కోరారు కాబట్టి రాయడం లేదు. ఎవరెవరు ఏం చేశారో మాత్రం వివరంగా రాస్తున్నాం. పక్క విచారణల వాళ్లు, పక్క ఊరి సంఘాల వాళ్లు "మేమూ పెట్టుకుంటాం, ఎలా చేశారో చెప్పండి" అని అడుగుతున్నారు. సాయం చేసినవాళ్ల పని నలుగురికీ పనికొస్తే వాళ్లకు అంతకంటే మంచి కృతజ్ఞత ఉండదు.

ముందుగా బాప్టిస్టు పెద్దలకు. మొదటి సమావేశంలోనే వాళ్లు నిజాయితీగా అడిగారు: "ఐక్యత అంటే మమ్మల్ని ఆర్‌సీఎంలో (రోమన్ కతోలిక సంఘంలో) కలవమనడమా?" ఆ ప్రశ్న అడగడమే పెద్ద మేలు. లోపల పెట్టుకుని వచ్చి కూర్చుంటే ఎనిమిది సాయంత్రాలూ బరువుగా గడిచేవి. ఈ ప్రార్థన చరిత్ర చూస్తే ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. 1908లో అమెరికాలోని గ్రేమూర్‌లో పాల్ వాట్సన్ అనే ఆంగ్లికన్ గురువు దీన్ని మొదలుపెట్టారు. అప్పటి క్యాలెండరులో జనవరి 18 పునీత (సెయింట్) పేతురు పీఠం పండుగ, 25 పునీత పౌలు మనసు మారిన పండుగ. ఆ రెండు పండుగల మధ్య రోజులను ఆయన ఎంచుకున్నారు. మరుసటి ఏడాదే ఆయన, ఆయన సమాజం కతోలిక శ్రీసభలో చేరారు. అందరూ రోముతో కలవాలన్నదే తొలినాళ్ల ప్రార్థన. 1930లలో ఫ్రాన్సులోని లియోన్ నగరానికి చెందిన గురువు పాల్ కుతురియే దాన్ని మార్చారు: క్రీస్తు కోరిన ఐక్యత రావాలి, ఆయన కోరిన మార్గంలో రావాలి. ఇలా అడిగితే ఏ సంఘంవారైనా తమ విశ్వాసాన్ని వదులుకోకుండా ఆమెన్ అనగలరు. 1968 నుంచి వాడుతున్న ప్రార్థనా పాఠాలను కతోలిక శ్రీసభ, ప్రపంచ సంఘాల మండలి (వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్) కలిసే తయారు చేస్తున్నాయి. ఇదంతా విన్నాక పెద్దలు "అయితే మేమూ ఒక సాయంత్రం మా మందిరంలో పెడతాం" అన్నారు. అక్కడి నుంచే పని నడిచింది.

మొదటి రోజు, చివరి రోజు మా గుడిలో, మధ్య రోజులు మిగతా మూడు సంఘాల్లో వంతులవారీగా జరిపాం. ఏ చోట జరిగినా దివ్యబలి పూజ (మాస్) పెట్టలేదు. వాక్యం, ప్రసంగం, విన్నపాలు, పాటలతో కూడిన ఆరాధన మాత్రమే. దీనికి రెండు కారణాలు. పూజలో ప్రసంగం చేయాల్సింది మా గురువులు లేదా డీకన్లే. వాక్య ఆరాధన అయితే ఏ అయ్యగారైనా ప్రసంగించవచ్చు. రెండోది, పూజ పెడితే దివ్యసత్ప్రసాదం (ప్రభువు బల్ల రొట్టె) పంచే దగ్గర సగం మంది లేచి వెళ్తారు, సగం మంది కూర్చుండిపోతారు. ఒకే బల్ల దగ్గర ఇంకా కూర్చోలేకపోతున్నామన్నది నిజమైన బాధ. దాన్ని దాచకుండా విన్నపాల్లో ఒకటిగా చేర్చమని సీఎస్‌ఐ అయ్యగారు సూచించారు. ప్రతి సాయంత్రం ఆ విన్నపం దగ్గర కాసేపు మౌనంగా ఉన్నాం.

ఇక పునీతుల సంగతి. మన ఊళ్లలో కలిసి ప్రార్థన అనుకున్నప్పుడల్లా ఇక్కడే ఆగిపోతుంది. గుడిలోని స్వరూపాలకు (పునీతుల ప్రతిమలకు) తెర కట్టేద్దామా, మరియమాత పేరు ఎత్తకుండా ఉందామా అని మనవాళ్లే అంటారు. అది మర్యాదలా కనిపిస్తుంది గానీ, ఇంటికొచ్చిన చుట్టానికి తల్లిని చూపించకుండా గదిలో కూర్చోబెట్టడం లాంటిదే. లూథరన్ అయ్యగారికి మేం ప్రత్యేకంగా రుణపడి ఉన్నది ఇందుకే. లూథరన్ల మూల పత్రమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలో 21వ అంశాన్ని ఆయన తెచ్చి చదివి వినిపించారు. పునీతుల జీవితాలను తలచుకుని వారి విశ్వాసాన్ని అనుసరించడం మంచిదని, వారిని వేడుకోవడం మాత్రం కూడదని అందులో ఉంది. దాన్ని ఆధారం చేసుకునే అందరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఉమ్మడి ఆరాధనలో రోజుకొక సాక్షి జీవితాన్ని మూడు నిమిషాలు చెప్పి, ఆ జీవితం కోసం దేవునికి స్తోత్రం చెల్లించాలి. మధ్యవర్తిత్వం కోరే ప్రార్థన అందులో ఉండకూడదు. జపమాల, పునీతుల ప్రార్థనలు ఆరాధనకు ముప్పావుగంట ముందు మా గుడిలో మేం చెప్పుకుంటాం, రావాలనుకున్నవాళ్లు వస్తారు. స్వరూపాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరూ నొచ్చుకోలేదు.

సాక్షుల్ని ఎంచడానికి ఒకే నియమం పెట్టుకున్నాం: వాళ్ల జీవితం రెండు సంఘాల గోడ మీదుగా కనిపించాలి. ఈ ఏడాది పాఠాలు అర్మేనియా అపోస్తలిక సంఘం సిద్ధం చేసినవి, ముఖ్య వాక్యం ఎఫెసీ 4:4, "శరీరమొక్కటే, ఆత్మయు ఒక్కడే". అందుకని నారెక్ మఠానికి చెందిన పునీత గ్రెగొరీతో మొదలుపెట్టాం. పదో శతాబ్దపు అర్మేనియా సన్యాసి, 95 ప్రార్థనలు రాసిన కవి. ఆయన సంఘానికి రోముతో సహవాసం లేదు. అయినా 2015 ఏప్రిల్ 12న పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ని విశ్వశ్రీసభ పండితుడిగా, అంటే శ్రీసభ అంతటికీ గురువుగా, ప్రకటించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో లిబియా తీరంలో ప్రాణాలర్పించిన 21 మంది కూలీల గురించి మరో రోజు చెప్పుకున్నాం. వాళ్లలో 20 మంది ఈజిప్టు కోప్టిక్ క్రైస్తవులు (కతోలికులు కాని ప్రాచీన సంఘంవారు), ఒకరు ఘనా దేశస్థుడు. 2023లో కతోలిక శ్రీసభ వాళ్ల పేర్లను తన వేదసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ల) పట్టికలో చేర్చింది. ఉగాండా వేదసాక్షుల్లో 22 మంది కతోలికులు, 23 మంది ఆంగ్లికన్లు. ఒకే రాజు కింద, ఒకే విశ్వాసం కోసం చనిపోయారు. 1964లో ఆ 22 మందిని పునీతులుగా ప్రకటించినప్పుడు పోప్ ఆరో పౌలు ఆంగ్లికన్ సాక్షులను కూడా తలచుకున్నారు. ఇది విని సీఎస్‌ఐ యువజనులు మిగతా వివరాలు తామే వెతికి తెచ్చారు, వాళ్లకు ప్రత్యేక అభినందనలు.

మన నేల మీది సాక్షి గురించి చెప్పింది సీఎస్‌ఐ అయ్యగారు. డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. వేర్వేరు మిషనులు వేర్వేరు పేర్లతో పల్లెల్ని పంచుకోవడం ఆయన్ని జీవితాంతం బాధపెట్టింది. అలాంటి వేర్వేరు సంఘాలు కలిసి దక్షిణ భారత సంఘంగా (సీఎస్‌ఐగా) 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడ్డాయి. ఆయన 1945 జనవరి 1ననే కన్నుమూశారు, ఆ రోజు చూడలేకపోయారు. ఐక్యత కోసం ఇంత పని తెలుగు నేల మీద జరిగిందని మా కతోలిక పిల్లల్లో చాలామందికి తెలియదు. వచ్చే ఏడాది సత్యోపదేశ (పిల్లలకు విశ్వాసం నేర్పే) తరగతిలో దీన్ని చేరుస్తున్నాం.

మఠం సిస్టర్ చెప్పిన ధన్య (పునీత హోదాకు ముందు మెట్టు) మరియ గాబ్రియెల్లా సాగెద్దు జీవితం అందరి మనసులూ పట్టుకుంది. సార్డీనియా ద్వీపంలోని దొర్గాలిలో 1914లో పుట్టి, రోము దగ్గరి గ్రోత్తాఫెరాత మఠంలో చేరిన ట్రాపిస్టు కన్య. కుతురియే గారి పిలుపును మఠాధిపతి చదివి వినిపించగా, 1938లో క్రైస్తవ ఐక్యత కోసం తన ప్రాణాన్ని అర్పించుకుంటానని అడిగింది. త్వరలోనే క్షయ బయటపడింది. 1939 ఏప్రిల్ 23న పాతికేళ్లకే మరణించింది. ఆమె సువార్త పుస్తకంలో యోహాను 17వ అధ్యాయం ఉన్న పుటలు వాడి వాడి పసుపుబారిపోయి కనిపించాయి. "వారందరు ఏకమై యుండవలెను" అని ప్రభువు ప్రార్థించిన అధ్యాయం అదే. 1983 జనవరి 25న, ఈ వారం ముగిసే రోజునే, పోప్ రెండో జాన్ పాల్ ఆమెను ధన్యురాలిగా ప్రకటించారు. సిస్టర్లు అచ్చు వేయించిన చిన్న కార్డులో ఒకవైపు ఆమె బొమ్మ, రెండోవైపు ఆ 17వ అధ్యాయం నుంచి వాక్యాలు మాత్రమే ఉన్నాయి. వేడుకోలు వేయకపోవడం వల్ల బాప్టిస్టు అమ్మమ్మలు కూడా బైబిల్లో పెట్టుకుని తీసుకెళ్లారు.

పుస్తకం అచ్చు విషయంలో డీటీపీ చేసిన తమ్ముడికి ఎంత చెప్పినా తక్కువే. ఎనిమిది రోజులకు రోజుకొక పేజీ, ఉమ్మడి ప్రార్థనలకు, పాటలకు నాలుగు పేజీలు, మొత్తం 12. ఏ4 కాగితాలు మూడు మడిచి మధ్యలో పిన్ను కొడితే సరిగ్గా సరిపోతుంది. పేజీలు నాలుగుతో భాగింపబడకపోతే ఖాళీ పేజీ మిగులుతుంది, లేదా కాగితం ఊడిపోతుంది. ఫోన్లో టైపు చేసిన తెలుగును ప్రెస్సువాళ్ల 'అను' (యూనికోడ్ కాని పాత రకం) ఫాంట్లలోకి అలాగే అతికిస్తే అక్షరాలన్నీ పిచ్చి గుర్తులైపోతాయి. మార్పిడి చేశాక కూడా ఒత్తులు, రావత్తు తప్పిపోతుంటాయి. అతను కాపీ తీసి సిస్టర్‌తో కూర్చుని వరుస వరుసా సరిచూశాడు. పెద్దవాళ్ల కోసం అక్షరం సైజు 14కు తగ్గనివ్వలేదు.

పరలోక ప్రార్థనను మాత్రం తప్పకుండా అచ్చు వేయించుకోండి. అందరికీ నోటికొచ్చు గదా అని వదిలేస్తే అక్కడే తడబడతారు. మనం "మీ నామము పూజింపబడునుగాక" అంటాం, మిగతా మూడు సంఘాలవాళ్లు "నీ నామము పరిశుద్ధపరచబడు గాక" అంటారు. మనం ఆమెన్ అనేసరికి వాళ్లు ఇంకా "రాజ్యము, బలము, మహిమ" అంటూ కొనసాగుతుంటారు. ఏ మందిరంలో ఉంటే ఆ సంఘం పాఠాన్నే అందరం చదవాలని, చివరి మాటలు అన్ని చోట్లా కలపాలని నిర్ణయించాం. ఆ స్తుతి మన పూజలోనూ ఉన్నదే, గురువు చెప్పే చిన్న ప్రార్థన తర్వాత వస్తుంది. కాబట్టి కొత్తేమీ కాదు.

నీళ్లు చల్లి జ్ఞానస్నాన వాగ్దానాలు గుర్తుచేసుకునే క్రమం పెడదామనుకున్నాం. తండ్రి, పుత్ర, పరిశుద్ధాత్మ నామంలో నీటితో సీఎస్‌ఐ, లూథరన్ సంఘాలు ఇచ్చే బాప్తిస్మాన్ని మన శ్రీసభ గుర్తిస్తుంది. అయితే విశ్వాసం ఒప్పుకున్నాక ముంచి ఇచ్చేదే బాప్తిస్మమని నమ్మే బాప్టిస్టులకు చల్లడం ఇబ్బంది. అడగకుండా పెట్టి ఉంటే మూడో రోజుకే సగం మంది ఆగిపోయేవారు. ఆ క్రమం తీసేసి, ఒక పెద్ద కొవ్వొత్తి నుంచి అందరూ చిన్న కొవ్వొత్తులు వెలిగించుకునే క్రమం పెట్టాం. ఫ్యాన్లు ఆపించడం మరవకండి. వేడి మైనం చేతుల మీద పడకుండా అట్టముక్కకు చిల్లు చేసి తొడిగిన యువజనులకు కృతజ్ఞతలు.

గాయక బృందాల సాధనకు సంక్రాంతి అడ్డం. 13 నుంచి 16 వరకు ఎవరూ ఊళ్లో ఉండరు, డిసెంబరంతా క్రిస్మస్ పాటలతోనే సరి. నవంబరు చివరి వారాల్లో ఒక విడత, జనవరి మొదటి వారం తర్వాత ఇంకో విడత సాధన పెట్టిన లూథరన్ అమ్మగారికి వందనాలు. పాట నంబర్లు చెప్పి పాడించొద్దని ఆవిడే చెప్పారు. మన పుస్తకం వేరు, వాళ్ల కీర్తనల పుస్తకం వేరు. మాటలన్నీ అచ్చులో ఉంటే పక్క సంఘం పాట కూడా రెండో చరణానికల్లా నోటికొస్తుంది. సంఘాలవారీగా గుంపులుగా కూర్చోకుండా ద్వారం దగ్గరే కలిపి కూర్చోబెట్టిన అన్నలకు కూడా ఇందులో వాటా ఉంది.

పులిహోర గురించి అడిగినవాళ్లకు: పది కిలోల బియ్యానికి కిలో చింతపండు, వందమందికి సరిపోయింది. అన్నం పలుకుగా వార్చి, వెడల్పు పళ్లాల్లో ఆరబెట్టాకే పులుసు కలపాలి, వేడి మీద కలిపితే ముద్దయిపోతుంది. శుక్రవారం మాంసం మానేవాళ్లున్నారని గుర్తుపెట్టుకుని ఆ రోజు కోడికూర వంతు శనివారానికి మార్చిన బాప్టిస్టు అక్కల ప్రేమ మరువలేనిది.

ఇంకొక్క మాట. 2013లో ఈ వారపు పాఠాలను సిద్ధం చేసింది మన దేశపు విద్యార్థి క్రైస్తవ ఉద్యమమే. మీకా 6:6-8 ఆధారంగా, దళితులకు జరిగే అన్యాయాన్ని ముందుపెట్టి రాశారు. చివరి సాయంత్రం విన్నపాల్లో కొన్నిటిని వాటి ఆధారంగానే రాసుకున్నాం. సంఘాలు కలిసినా శ్మశానాలు వేరుగా ఉండే పల్లెలు ఇంకా ఉన్నాయి. వాటి గురించి మాట్లాడటానికి నాలుగు సంఘాల పెద్దలూ మార్చిలో కూర్చుంటామన్నారు. ఇందుకు వాళ్లకు ముందుగానే కృతజ్ఞతలు.

జనవరిలో కుదరని సంఘాలు పెంతెకొస్తు (పరిశుద్ధాత్మ దిగివచ్చిన పండుగ) ముందు రోజుల్లో పెట్టుకోవచ్చు. దక్షిణార్ధ గోళంలో చాలా చోట్ల అప్పుడే చేస్తారు. ఈ ఏడాది పెంతెకొస్తు మే 24న. పుస్తకం ఫైలు, కార్డు ఫైలు, పాటల మాటలు మా విచారణ కార్యాలయంలో అడిగితే ఉచితంగా ఇస్తాం. మీ సంఘానికి తగ్గట్టు మార్చుకోండి. అక్షరం సైజు మాత్రం తగ్గించకండి.