మా ఊరి గ్రంథాలయానికి పుస్తకాలిచ్చినవాళ్లకు, మోసినవాళ్లకు, కుట్టినవాళ్లకు

నిన్న సాయంత్రం గ్రంథాలయం తలుపులు తెరిచాం. ఒళ్లు హూనమైపోయింది, అయినా ఇది రాయందే నిద్ర పట్టదు.

ముందుగా రాజమండ్రి బైండింగు తాతగారికి దండం. ఆయనకు మేమెవరమో తెలియదు. కార్గో ఆఫీసు దగ్గర వానకు తడిసిన కట్టల్ని చూసి ఆగిపోయారు. "ఎండలో పెట్టకండమ్మా, అట్టలు వంకరపోతాయి" అన్నారు. ఫ్యాను కింద నిలబెట్టి, పుటల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, అవి చెమ్మగిల్లగానే మార్చమన్నారు. నున్నటి కాగితం మీద అచ్చయిన బొమ్మల పుస్తకాలు ముందు చూడాలట. అలాగే ఆరితే పేజీలు అతుక్కుపోయి ఇక విడిరావు.

తర్వాత తనే సూది, దారం పట్టుకుని వచ్చారు. వీపు ఊడినవాటికి పాత జిగురు గీకేసి, ఫారాలు (మడత పెట్టిన పేజీల కట్టలు) కుట్టి, పైన కాలికో అనే బైండింగు గుడ్డ వేశారు. మైదా గంజిలో కాస్త మైలుతుత్తం కలిపారు, లేకపోతే ఆ పిండి కోసమే బొద్దింకలు చేరతాయి. (అది విషం, పిల్లలకు అందనివ్వకండి.) సెల్లోటేపు మాత్రం వద్దే వద్దన్నారు; టేపు ఊడిపోయినా దాని జిగురు కాగితంలోకి దిగి మరక నిలిచిపోతుంది. పది రూపాయల పిల్లల పుస్తకానికి రెండు పేటల దారం ఎందుకండీ అంటే, "ఎక్కువ చేతులు పడేది దీనిమీదే కదమ్మా" అన్నారు. అక్కడ ఏడుపు ఆగలేదు నాకు.

మా ఆయనకీ, అత్తయ్యకీ, పిల్లలకీ ఇంట్లోనే చెప్తాను.

పుస్తకాలు పంపిన అందరికీ నమస్కారాలు. ఇకముందు సిలబస్ మారిపోయిన గైడ్లు, పాత బిట్ బ్యాంకులు పంపకండి, ర్యాకులన్నీ వాటికే పోతున్నాయి. పెద్ద అక్షరాల కథలు పంపండి. కొత్తగా చదవడం నేర్చుకుంటున్న పెద్దవాళ్లూ అవే అడుగుతున్నారు. పెట్టెకు పది కిలోలు మించితే అడుగు ఊడిపోతుంది.

ఒక్క మాట అనక తప్పదు. ఇంటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం. వసూలు చేసినవాళ్లు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల ఏళ్ల తరబడి బకాయిలే. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగిన నేల మీద, పిల్లల పుస్తకాల కోసం మనం జోలె పట్టాలా?

అయ్యో, మరిచాను. స్టాకు రిజిస్టరు రాసిన డిగ్రీ అమ్మాయిలు! పుస్తకం నంబరు మొదటి పేజీతోపాటు లోపల ఒక గుర్తు పేజీ మీదా వేశారు, మొదటి పేజీ చిరిగినా పుస్తకం మనదేనని తెలుస్తుంది. చెద గోడ వెంబడి వస్తుందని ర్యాకుల్ని గోడకు జానెడు ఎడంగా బిగించిన వెల్డింగు తమ్ముడు. కట్టలు దించి కూలి వద్దన్న హమాలీ అన్న. ఇంకా స్కూలు ఆయమ్మ, గది కడిగింది ఆవిడే.