ఎడమ ముందు చక్రం సంగతి

చిరంజీవి రాజాకి నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలు ఎప్పటిలాగే. మొన్నటి వానకి తూర్పు చెరువు గట్టు జారింది. వెంకట్రావు బాబాయి మట్టి తోలిస్తానన్నాడు కానీ ఆయన మాట నీకు తెలుసుగా. పాపకి దగ్గు తగ్గిందా?

ప్రత్యేకించి రాయాల్సిందేమీ లేదు. తొమ్మిది రోజులుగా నీ ఫోను మోగి మోగి ఆగిపోతోంది. కోడలిని అడిగితే "బండితో లైన్లో ఉన్నారు మామయ్యా" అంటోంది. సరే, లైన్లోనే ఉండి ఉంటావు. నాతో బండి మీద తిరిగిన బుల్లెబ్బాయి కొడుకు హౌరా నుంచి వస్తూ పలాస దగ్గర ఒక బంకులో మన లారీ చూశానన్నాడు. ఎడమ ముందు చక్రం విప్పేసి ఉందట, కింద జాకీ పెట్టి ఉందట, చుట్టుపక్కల మనిషి లేడట. వాడి మాటలకి అర్థం పర్థం ఉండదు. నేను పట్టించుకోలేదు.

బండి మాట వచ్చింది కాబట్టి గుర్తొచ్చింది. బండి తీసుకున్న రోజు షోరూం కుర్రాడు ముందు చక్రం మధ్యలో బేరింగు ఉండే హబ్బు చూపించి "దీనికి గ్రీజు పెట్టే పనే లేదు, లైఫ్ లాంగ్" అన్నాడు. నువ్వు నా వైపు తిరిగి "నీ గ్రీజు గన్ను ఇంక అటక మీద పెట్టు నాన్నా" అని నవ్వావు. పెట్టాను, గోనెసంచిలో చుట్టి మరీ. సీలు వేసిన సామాను చెడ్డదని నేననను. ఫ్యాక్టరీలో శుభ్రంగా, కొలత ప్రకారం బిగించి పంపిస్తారు. మా రోజుల్లో డ్రమ్ము తిప్పుతూ నట్టు బిగించి, మళ్ళీ కాస్త వెనక్కి వదిలేవాళ్ళం. ఆ "కాస్త" ఎంతో ఒక్కో మేస్త్రి చేతికి ఒక్కో లెక్క. బుల్లెబ్బాయి పెట్టే గ్రీజులో సగం ఇసకే ఉండేది. అదంతా తప్పింది, మంచిదే. కానీ లైఫ్ లాంగ్ అంటే ఎవరి లైఫు? నీది కాదు, బండిదీ కాదు. ఆ బేరింగు ఎన్నాళ్ళు బతికితే అన్నాళ్ళు. ఆ కుర్రాడిని ఆ రోజే అడుగుదామనుకున్నాను, నువ్వు సంతోషంగా ఉన్నావని ఊరుకున్నాను.

నీకు చాలాసార్లు చెప్పాను, అయినా ఇంకోసారి విను. అది దసరా ముందు. బెంగాలీల పండగ కదా, చేపకి మంచి గిరాకీ. ఆకివీడులో లోడింగు. వెనక హబ్బులు విప్పి గ్రీజు మార్చే వేళ దాటిపోయింది, ఈ ఒక్క ట్రిప్పు కొట్టొచ్చి చేద్దామన్నాను. ఐసు నీళ్ళు దారి పొడుగునా చక్రాల మీద కారుతూనే ఉన్నాయి. అప్పట్లో ఐదో నంబరు రోడ్డు, ఇప్పుడు నువ్వు నడిపే పదహారు. ఎదురెదురుగా బళ్ళు, అడుగడుక్కీ గుంట. బరంపురం దాటి చిలికా సరస్సు పక్కన పోతుంటే బుల్లెబ్బాయి "ఏదో కాలిన వాసనొస్తోంది అన్నా" అన్నాడు. "ఎండుచేపలు రా, ఇక్కడ గాలే అంత" అన్నాను. ఇంకో అరగంటకి మళ్ళీ అన్నాడు. కసిరాను. బాలుగావ్ దగ్గర చక్రం పట్టేసింది. దిగి చూస్తే హబ్బులోంచి పొగ. గ్రీజు నల్లటి గట్టి బొగ్గయిపోయింది, బేరింగు లోపలి రింగు యాక్సిలుకి అతుక్కుపోయింది. సైకిల్ మీద వచ్చిన ముసలి మేస్త్రి ఉలీ సుత్తీ పెట్టి పొద్దెక్కేదాకా కొట్టాడు. బుల్లెబ్బాయి బేరింగు కోసం బస్సెక్కి బరంపురం పోయాడు. అక్కడ సగం మందికి తెలుగొచ్చు కాబట్టి బతికిపోయాడు, లేకపోతే వాడికి వచ్చిన ఒరియా రెండు ముక్కలు, రెండూ తిండికే. నేను ఐసు కొనడం, చేప మీద పోయడం, అది కరిగిపోవడం. హౌరాలో ఆ సరుకు ఎంతకి పోయిందో రాయను. మీ అమ్మ గాజుల సంగతి నీకు తెలుసు. ఆ తర్వాతే గ్రీజు పుస్తకం మొదలుపెట్టాను. నువ్వు లెక్కలు చేసుకోడానికి చివరి పేజీలు చింపేసేవాడివి, అదే.

ఇంత రాసింది ఆ రోజు బండి చెప్పిందని. వాసన చెప్పింది, పొగ చెప్పింది, నేనే వినలేదు. పాత బళ్ళలో కమాను పట్టీలకుండే షాకిల్ పిన్ను ఎండితే కిర్రుమని ఊరంతా వినపడేది. సీలు వేసింది గొడవ చెయ్యదు. సన్నగా గుయ్యిమంటుంది, కేబిన్లో పాటలు పెట్టుకుంటే అదీ వినపడదు.

అందుకని టీకి ఆగినప్పుడల్లా అన్ని హబ్బుల దగ్గరా అరచేతి వెనకవైపు పెట్టి చూడు. బ్రేకుకి అన్నీ వేడెక్కుతాయి, కానీ ఎడమదానికీ కుడిదానికీ తేడా ఉండకూడదు. నెలకోసారి చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపు, బేరింగు వదులైతే ఆట తెలుస్తుంది. ఒక చెయ్యి కమాను మీద పెట్టి చక్రం తిప్పితే గరగర వేళ్ళకి తగులుతుంది. వాటర్ సర్వీసింగ్ వాడిని ఆ ప్రెషర్ గన్ను హబ్బు సీలు మీద దగ్గరగా కొట్టనివ్వకు. దుమ్మును ఆపే సీలు ఆ నీళ్ళ జోరుకి ఆగదు. లోపలికి పోయిన నీళ్ళు మళ్ళీ బయటికి రావు. మాకైతే హబ్బు విప్పి గ్రీజు మార్చినప్పుడు పాతదీ నీళ్ళూ కలిసి బయటికొచ్చేవి.

బరువు సంగతి కూడా. 2018లో పది చక్రాల బండికి, బండీ సరుకూ కలిపి, 25 టన్నుల నుంచి 28.5కి పెంచారు, అది చాలు. చేపలతో పాటు ఐసు బరువూ లెక్కే అని నీకు చెప్పాలా? రోలరు బేరింగు మీద బరువు రెట్టింపయితే ఆయుష్షు సగం కాదు, పదో వంతుకి పడిపోతుంది. బేరింగు కంపెనీల వాళ్ళ లెక్కే ఇది, నా సొంతం కాదు.

సీలు వేసిన బ్యాటరీల మీద ఛార్జి చూపించే పచ్చ కన్ను చూసి కూడా నిశ్చింతగా పడుకోకు. ఆరు గదుల్లో ఒక్క గది సంగతే అది చెబుతుంది.

లెక్చరు ఇవ్వకూడదనే మొదలుపెట్టాను.

అసలు సంగతేమిటంటే, మాకు హబ్బు పోతే ఒక సీలు, ఒక బేరింగు, పావుకిలో గ్రీజు. నీ బండికి హబ్బు మొత్తం సెట్టుగా మార్చాలంటారు. ధర అడిగాను, మన ఊరి మేస్త్రి చెప్పాడు, విని కుర్చీలో కూర్చున్నాను. గ్రీజు ఖర్చు లేదు కదా అని ఆ డబ్బు ఖర్చుపెట్టేస్తే ఆ రోజు చేతిలో ఏముంటుంది? గ్రీజు డబ్బులు ట్రిప్పు ట్రిప్పుకీ విడిగా పెట్టమని అప్పుడే చెప్పాల్సింది, నాదే తప్పు. ఈ నెల ఫైనాన్స్ కిస్తీ కట్టావా? కట్టలేదని ఎవరూ అనలేదు, ఊరికే అడుగుతున్నాను. వేసవి చేప అమ్మిన డబ్బు బ్యాంకులో అలాగే ఉంది. గట్టు పని ఆర్నెల్లు ఆగినా మునిగేదేం లేదు, బాబాయి ఎలాగూ ఇప్పట్లో మట్టి తోలడు.

శ్రీను మామయ్య బండిలో ఈ ఉత్తరం గాజువాక పంపిస్తున్నాను. గోంగూర పచ్చడి కోడలికి, కారప్పూస పాపకి. గోనెసంచి నీకు, విప్పి చూసి నవ్వకు. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకి నీ బండిలో కూడా గ్రీజు కొట్టే నిప్పిళ్ళు ఉన్నాయి, నేను ఆ రోజే కిందికి దూరి చూశాను.

రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోను చెయ్యి.

మీ నాన్న

మరో మాట. అది వేరేవాళ్ళ బండి అయ్యుంటుందని చెప్పకు. వెనక "వెంకాయమ్మ దీవెనలు" అని నానమ్మ పేరు రాయించింది మనమొక్కళ్ళమే. బుల్లెబ్బాయి కొడుకు అది కూడా చదివాడు.