తాతగారి పెట్టె ఎవరికీ ఇవ్వకండి, నాన్నగారూ

లండన్,
ఆదివారం రాత్రి

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? కొత్త డాక్టరుగారు ఇచ్చిన మాత్రలు పరగడుపున వేసుకోవద్దని చెప్పండి. మీరు చెబితేనే వింటుంది. బుజ్జిదానికి జలుబు తగ్గింది, స్కూలుకి వెళ్తోంది. మీ అల్లుడుగారి కాంట్రాక్టు పొడిగించారు, ఆ టెన్షన్ తీరింది. నా ఆఫీసు మామూలే, దాని గురించి రాయడానికేమీ లేదు.

మొన్న మీరు ఫోను ఠక్కున పెట్టేశారు. కోపం వచ్చిందని తర్వాత అమ్మ చెప్పింది. ఫోనులో నేనొకటంటే మీరొకటంటారు, చివరికి ఇద్దరం నొచ్చుకుంటాం. అందుకే కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదవండి.

ముందు అసలు సంగతి. తాతగారి పాత కాగితాల ట్రంకుపెట్టె, స్టాంపుల కోసం అడుగుతున్న ఆ విజయవాడ ఆయనకి ఇవ్వకండి. పదిహేను వేలు ఇస్తానన్నాడని బావగారు సంబరపడుతూ చెప్పారు. దస్తావేజుల మీద స్టాంపులున్న భాగం కత్తిరించి ఇచ్చినా చాలన్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. స్టాంపు కత్తిరించాక ఆ కాగితంలో ఇంకేం మిగులుతుంది? ఎవరు ఎవరికి ఏ చెరువు కింద ఎంత పొలం రాసిచ్చారో, సాక్షులెవరో, ఎవరు వేలిముద్ర వేశారో అన్నీ ఆ కాగితంలోనే ఉన్నాయి. దాన్ని రెండు ముక్కలు చేస్తే ఒక ముక్క ఎవరి ఆల్బమ్‌లోనో చేరుతుంది, రెండోది పొయ్యిలోకి పోతుంది.

ఇక్కడా ఇలాంటి వ్యాపారం ఉంది. రెండు వందల ఏళ్లనాటి బొమ్మల పుస్తకం దొరికితే కుట్టు విప్పేసి, బొమ్మలు విడదీసి, ఒక్కొక్కదానికీ ఫ్రేము కట్టి అమ్ముతారు. అట్లాసు మొత్తంగా అమ్మాలంటే దాన్ని కొనగలిగినవాడు ఒక్కడు దొరకాలి. విడదీస్తే పటానికొకడు కొంటాడు. గోడకి చూడముచ్చటగానే ఉంటుంది కానీ, పుస్తకం చచ్చిపోతుంది. మర్యాదస్తులైన పుస్తకాలవాళ్లు ఆ పని చెయ్యరు, చేసేవాళ్ల పేరెత్తితే మొహం చిట్లిస్తారు.

ఇక డబ్బు సంగతి. నేను పాత ఉత్తరాలు, ఫొటోలు కొంటుంటే, చెత్త కాగితాలకి పౌండ్లు తగలేస్తున్నానని మీరన్న మాట నాకు గుచ్చుకుంది. నేను లక్షలు పెట్టి వేలంపాటల్లో కొనే మనిషిని కాను నాన్నగారూ. నెలకి ఇంత అని పక్కన పెట్టుకుంటాను, అది దాటను. ఇంటి లోను, బుజ్జిదాని ఫీజు, మీకు పంపేది, అన్నీ పోయాకే. ఆ డబ్బుతో బంగారం కొనుక్కోవచ్చు కదా అని అమ్మ అంటుంది. కొనుక్కోవచ్చు. కానీ ఇక్కడ చలికాలంలో నాలుగింటికే చీకటి పడిపోతుంది. ఈయన నైటు డ్యూటీకి వెళ్లిపోతారు, పిల్ల నిద్రపోతుంది. అప్పుడు భూతద్దం పట్టుకుని ఒక పాత ఉత్తరం ముందు కూర్చుంటే నాకు ఒంటరిగా అనిపించదు.

చారింగ్ క్రాస్ రోడ్డు పక్కన సెసిల్ కోర్ట్ అని చిన్న సందు ఉంది, నడవడానికి తప్ప బండ్లు రావు. రెండు వైపులా పాత పుస్తకాలు, పటాలు అమ్మే కొట్లు. పాశ్చాత్య సంగీత విద్వాంసుడు మొజార్ట్ చిన్నపిల్లాడిగా 1764లో లండన్ వచ్చినప్పుడు వాళ్ల కుటుంబం ఆ సందులోనే అద్దెకి దిగింది. శనివారం బుజ్జిదాన్ని డాన్సు క్లాసులో దింపి అటు వెళ్తాను. కొట్లోకి అడుగు పెట్టగానే తాతగారి గదిలోకి వెళ్లినట్టే ఉంటుంది, అదే వాసన. అక్కడ ఒక ముసలాయన నేను ఏమీ కొనకపోయినా కుర్చీ వేసి కూర్చోబెడతారు. పాత ఫొటోలు చూడడం నాకు నేర్పింది ఆయనే.

1850 తర్వాత ఓ నలభై ఏళ్ల పాటు ఫొటోలు ఎక్కువగా గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీదే అచ్చు వేసేవారు. తెల్లసొనలో ఉప్పు కలిపి కాగితానికి పట్టించి, తర్వాత వెండి ద్రావణం పూసి, పైన గాజు నెగటివ్ పెట్టి ఎండలో ఉంచేవారు. జర్మనీలో డ్రెస్డెన్‌లో ఆ కాగితం చేసే ఫ్యాక్టరీలు రోజూ వేలకి వేలు గుడ్లు పగలగొట్టేవట. కాగితం పల్చన కాబట్టి చుట్ట చుట్టుకుపోకుండా దళసరి అట్ట మీద అంటించేవారు. తెల్లగా ఉండాల్సిన చోట పసుపు తిరిగి, భూతద్దంలో సన్నని నెరియలు కనిపిస్తే అది ఆ కాలపుదే. మామ్మకి మాత్రం గుడ్ల సంగతి చెప్పకండి, మళ్లీ ఆ పెట్టె ముట్టుకోదు.

మన ముత్తాతగారు కుర్చీలో కూర్చున్న గ్రూపు ఫొటో అంత పాతది కాదు, తర్వాతి కాలపు కాగితం. కోట్లు, జుట్టు నల్లగా ఉన్న చోట వాలుగా పట్టుకుని చూస్తే నీలంగా అద్దంలా మెరుస్తుంది, మీకు గుర్తుందా? అది బూజు కాదు, కాగితంలోని వెండే పైకి తేలుతోంది. గుడ్డతో తుడవకండి, తడి అసలు తగలనివ్వకండి.

నేను కొన్నవాటిలో నాకు ప్రాణమైనది ఒకటుంది. అరచేతిలో ఇమిడే అట్టముక్క. 1854లో పారిస్‌లో డిస్డేరి అనే ఆయన ఒకే గాజుపలక మీద చాలా చిన్న ఫొటోలు తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాంతో ఫొటో చవకై, జనం చుట్టాలకీ స్నేహితులకీ పంచుకోవడం మొదలుపెట్టారు. ఇది ఆ రకం. మద్రాసు మౌంట్ రోడ్డు స్టూడియోలో తీసింది. ఇరవై పౌండ్లకి ఇచ్చారు. ఒక నల్లావిడ తెల్ల చీరలో నిలబడి ఉంది, ముక్కుకి రెండువైపులా పుడకలు. ఆవిడ చంకలో ఏడాది నిండని తెల్లపిల్లాడు. పిల్లాడు కదిలినట్టున్నాడు, కుడిచెయ్యి మసకగా పడింది. ఆవిడ మాత్రం కదల్లేదు. పిల్లాడి నడుం చుట్టూ బిగించిన వేళ్లు, చిటికెన వేలి ఉంగరంతో సహా స్పష్టంగా కనిపిస్తాయి. అట్ట వెనక సిరాతో పిల్లాడి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, 1871 అని రాసి ఉన్నాయి. దాని కింద ‘ఆయాతో’ అని మాత్రమే ఉంది. ఆవిడ పేరు లేదు.

నాకు ఆవిడ మనవైపు మనిషే అనిపిస్తుంది. రుజువు లేదు, అనిపిస్తుంది అంతే. ఆ రోజుల్లో దొరలు సెలవు మీద ఇంగ్లండు వస్తూ ఓడలో పిల్లల్ని చూసుకోవడానికి ఆయాల్ని వెంట తెచ్చుకునేవారు. కొంతమంది దిగాక తిరుగు టికెట్టు ఇవ్వకుండా వదిలేసేవారు. అలా దిక్కులేక మిగిలిపోయినవాళ్ల కోసం లండన్‌లో ఆయాల ఇల్లు అని ఒకటి నడిచింది. 1900 నుంచి అది హాక్నీలో కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డులో 26వ నంబరు ఇంట్లో ఉండేది. చరిత్ర ఉన్న ఇళ్లకి ఇక్కడ పెట్టే నీలం ఫలకం 2022లో ఆ ఇంటికీ పెట్టారు. బుజ్జిదాన్ని తీసుకెళ్లి చూపించాను. “వాళ్లమ్మ రాలేదా?” అని అడిగింది. ఎవరమ్మ అని అడగలేకపోయాను.

అందుకే మిమ్మల్ని బతిమాలుతున్నాను. మామ్మకి ఇంకా అన్నీ గుర్తున్నాయి. రేపో ఎల్లుండో మధ్యాహ్నం కాఫీ తాగాక ఆ ఫొటోలన్నీ ఆవిడ ముందు పెట్టి ఒక్కొక్కరి పేరూ అడగండి. మగవాళ్ల పేర్లు మీకూ తెలుసు. నేలమీద కూర్చున్న ఆడవాళ్లు, చివర సగం కనిపించే పాలేరు కుర్రాడు, పిల్లాణ్ణి ఎత్తుకున్న ఆవిడ, వీళ్ల పేర్లు మామ్మ తప్ప చెప్పేవాళ్లు లేరు. పేర్లు ఫొటో వెనక అంచున మెత్తటి పెన్సిలుతో నొక్కకుండా రాయండి. బాల్‌పాయింట్ పెన్ను వద్దు, ఇటువైపు గీత పడుతుంది.

అన్నట్టు, ఆవకాయ సీసా మూత ఊడి కస్టమ్స్ వాళ్లు తీసేసుకున్నారు. ఈసారి ఎవరైనా వస్తుంటే మాగాయ పంపండి చాలు, నూనె తక్కువ ఉంటుంది.

మీకు ఇంకో సంగతి చెప్పాలి. ఇక్కడి బ్రిటిష్ లైబ్రరీలో రీడరు కార్డు తీసుకున్నాను, ఉచితమే. లండన్ నుంచి మన దేశ పాలన చూసిన ఇండియా ఆఫీసు కాగితాలే పద్నాలుగు కిలోమీటర్ల పొడవు అలమరల్లో ఉన్నాయి. లోపలికి పెన్ను తీసుకెళ్లనివ్వరు, పెన్సిలే. పుస్తకం నడుం విరగకుండా కింద స్పాంజి దిమ్మలు పెడతారు, పేజీ మీద బరువు తాళ్లు వేస్తారు. పుస్తకాలకి చేతికి తొడుగులు వద్దంటారు, శుభ్రంగా కడిగి ఆరిన చేతులే మంచివట. తొడుగుంటే కాగితం అంచు తెలీక చిరుగుతుంది. ఫొటోలకి మాత్రం తొడుగులు ఉండాల్సిందే.

ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మన ఊళ్ల చరిత్ర కాగితాలు పోగుచేయించాడు కదా, ఆ సేకరణలో కొంత అక్కడుంది. మన ఏలూరు కావలి సోదరుల సంగతి తాతగారు చెప్పేవారు కదా, వాళ్లు పనిచేసింది ఆయన దగ్గరే. మెకంజీకి మన భాషలు రావు. బొర్రయ్య, లక్ష్మయ్య ఊరూరా మనుషుల్ని పంపి, శాసనాలకి నకళ్లు రాయించి, కరణాల ఇళ్లలో ఊరి రికార్డులైన దండకవిలెలు తీయించి కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, పోగుచేశారు. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని మోశాడు. 1821లో మెకంజీ పోయాక ఆయన భార్య దగ్గర కంపెనీ ఆ సేకరణని పదివేల పౌండ్లకి కొంది. అది లండన్‌కీ మద్రాసుకీ చెల్లాచెదురైంది, మన కైఫియత్తులు చాలామటుకు మద్రాసులో ఉన్నాయి. ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకుంటే, స్థానికుడికి అంత శక్తి లేదని పక్కన పెట్టేశారు. అన్నీ పోగుచేసినవాడి మీద ఆ మాట! చదివిన రోజు అన్నం సహించలేదు నాకు.

ఆనాడు కరణాలు బయటికి తీసిన కాగితాల్లాంటివే మన పెట్టెలోనూ ఉన్నాయి నాన్నగారూ. 1984లో కరణీకాలు రద్దయినప్పుడు తాతగారు సర్కారు రికార్డులన్నీ అప్పగించేశారు. మిగిలినవి సొంత దస్తావేజులు, ముత్తాతగారి ఉత్తరాలు, వావిళ్లవారి భారతం, ఆ తాటాకు కట్ట. అచ్చయిన భారతం తప్ప మిగతావాటికి ఇంకెక్కడా రెండో ప్రతి లేదు.

బావగారు అన్నట్టు కొరియర్‌లో ఇక్కడికి పంపడం కూడా వద్దు, నేను అమ్మిపెట్టను. 1972 చట్టం ప్రకారం చరిత్రకి పనికొచ్చే రాతప్రతులు, పత్రాలు డెబ్బై అయిదేళ్లు దాటితే పురావస్తువులే, మనలాంటివాళ్లు దేశం దాటించకూడదు. చట్టం లేకపోయినా నేను ఒప్పుకోను. అవి ఉండాల్సింది అక్కడే. మన తర్వాత చూసేవాళ్లు లేరనిపిస్తే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, 1918 నుంచి పాత పత్రికలు, పుస్తకాలు కాపాడుకొస్తున్నారు. తాతగారు అక్కడికెళ్లి రోజుల తరబడి ఉండేవారని మీరే చెప్పారు. ఒకసారి అడిగి చూడండి. ఇస్తే మొత్తం ఒక్కచోటే ఇవ్వాలి, ఏరి ఇవ్వద్దు.

ఈలోపు పెట్టె అటక మీద నుంచి దింపించండి, ఆ రేకుల వేడికి కాగితం పెళుసెక్కిపోతుంది. నేలమీదా వద్దు, చెదలు. లోపలి గదిలో బల్ల మీద పెట్టండి, గోడకి ఆనించకండి. చినిగినవాటికి సెల్లోటేపు వెయ్యకండి. లామినేషన్ అసలు వద్దు, ఒకసారి ప్లాస్టిక్కు అతుక్కుందంటే కాగితాన్ని మళ్లీ వేరు చెయ్యలేం. గంజి పెట్టని ఉతికిన నూలు గుడ్డలో చుట్టండి. తాటాకు కట్ట తాడు విప్పకండి, వరస తప్పుతుంది. నూనె పూస్తే మంచిదని ఎవరైనా చెప్పినా మీరు చెయ్యకండి, అది తెలిసినవాళ్లు చెయ్యాల్సిన పని.

మీకు శ్రమ అని తెలుసు. చిన్నాన్న కొడుకు సెలవులకి వస్తాడు కదా, వాడి చేత కిటికీ దగ్గర పగటి వెలుతురులో ప్రతి కాగితం ముందూ వెనకా ఫోనుతో ఫొటో తీయించండి, ఫ్లాష్ వెయ్యద్దని చెప్పండి. విజయవాడ ఆయన మళ్లీ వస్తే అమ్మాయి ఒప్పుకోలేదని నా మీద పెట్టెయ్యండి.

నేను సంక్రాంతికి వస్తున్నాను, టికెట్లు బుక్ చేశాం. ఫొటోల పేర్లు మాత్రం అప్పటిదాకా ఆపకండి. మామ్మకి మధ్యాహ్నం నిద్ర లేచాక ఓపిక ఉంటుంది, సాయంత్రానికి విసుక్కుంటుంది. కళ్లజోడు దేవుడి గూట్లో పెట్టి మర్చిపోతుంది, అక్కడ చూడండి.

మీ
పెద్దమ్మాయి