పామిడి దగ్గర ఆగిన పెద్దాయనకు

మొన్న మే నెలలో కర్నూలు నుంచి ఉల్లిగడ్డల లోడుతో బెంగళూరు పోతున్నా. గుత్తి దాటాక రబ్బరు కాలిన వాసన. ఏసీ కంప్రెసర్ పట్టేసింది. స్విచ్ ఆపేస్తే చాలనుకున్నా. ఆపినా కంప్రెసర్ పుల్లీ, అదే బెల్టు తిప్పే చక్రం, తిరగదే! మాది పాత లారీ, బ్యాటరీ ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కూ, ఇంజన్‌ను చల్లబరిచే వాటర్ పంపుకూ కూడా అదే బెల్టు. తెగితే ఇంజన్ వేడెక్కి అక్కడే కూర్చోవాలి. పైన మండే ఎండ, వెనక కుళ్లిపోయే సరుకు.

మోపెడ్ మీద పోతున్న మీరు ఆగి, "ఏమప్పా, ఏమైంది?" అన్నారు. పుల్లీని చేత్తో కదిపి, "దీని బేరింగే పోయింది, స్విచ్ ఆపితే ఏం లాభం" అన్నారు. ఉల్లి బస్తా పురికొస తెంపి, కంప్రెసర్‌ను వదిలేసి మిగతా పుల్లీల చుట్టూ తిప్పి, కొలతకు ముడి వేశారు. ఆ ముడి పట్టుకొని పామిడి పోయి పొట్టి బెల్టు తెచ్చారు. వాటర్ పంపు సరైన వైపే తిరుగుతోందా అని రెండుసార్లు వంగి చూశారు, నాకైతే ఆ ఆలోచనే రాలేదు.

"కొత్త కంప్రెసర్ ఒక్కటే బిగిస్తే మళ్లీ పోతుంది. పైపుల్లో ఇనుప పొడి ఉంటే కడిగించు, తేమ పీల్చే డ్రయ్యర్ మార్చు, వాక్యూమ్ పెట్టి లోపలి గాలి లాగేయకుండా గ్యాస్ కొట్టనీకు" అన్నారు. అనంతపురంలో అట్లే చేయించా, చల్లగా ఉంది.

బెల్టు డబ్బులు తప్ప పైసా తీసుకోలేదు, నాలుగు ఉల్లిగడ్డలు మాత్రం సంచిలో వేసుకున్నారు. పేరు అడగడం మరిచా. మీకు దండాలు పెద్దాయనా. ఈసారి కనబడితే బస్తా దించేసి పోతా.