గెలిస్తేనే మొదటి వంతు

ప్రియ మిత్రమా,

మహిళల క్రికెట్ వేలంలో స్మృతి మంధానకు 3.40 కోట్లు పలికినప్పుడు ఎంత చర్చించుకున్నామో నీకు గుర్తుండే ఉంటుంది. ఉత్తర అమెరికా మహిళల ఐస్ హాకీ లీగు పీడబ్ల్యూహెచ్‌ఎల్‌లో ఆ వేలంపాటల సందడే ఉండదు. జట్లు వంతులవారీగా ఒక్కో పేరు చెబుతాయి. ఏ జట్టు ఎవరి పేరు చెబితే ఆ క్రీడాకారిణితో ఒప్పందం చేసుకునే హక్కు ఆ జట్టుదే. అందువల్ల తగవంతా ముందు వంతు ఎవరిదన్న దాని గురించే.

సాధారణంగా అట్టడుగు జట్టుకే మొదటి వంతు ఇస్తారు కనుక, ఆశలుడిగిన జట్లకు సీజన్ చివర ఓడిపోవడమే లాభసాటిగా కనిపిస్తుంది. గణాంక పరిశోధకుడు ఆడమ్ గోల్డ్ ప్రతిపాదించిన పద్ధతిని అనుసరించి ఈ లీగు ఆ తిరకాసుకు అడ్డుకట్ట వేసింది. ప్లేఆఫ్ అవకాశం పోయిన క్షణం నుంచి జట్టు సంపాదించే పాయింట్లను విడిగా లెక్కించి, అందులో ముందున్నవారికే మొదటి వంతు ఇస్తారు. బలహీనమైన జట్టు త్వరగా బయటపడుతుంది కాబట్టి పాయింట్లు కూడబెట్టుకోవడానికి దానికే ఎక్కువ ఆటలు మిగులుతాయి. నా దృష్టిలో ఇంత తెలివైన నిబంధన మరే ఆటలోనూ లేదు.

2025లో ఇది ఎలా పనిచేసిందో చూడు. న్యూయార్క్ ముందుగానే తప్పుకుంది. బోస్టన్ ఆఖరి రోజున మిన్నెసోటా చేతిలో 8-1 తేడాతో చిత్తయ్యేదాకా ఆశతోనే ఉండడంతో, ఆ తరువాత ఆడడానికి దానికి ఒక్క మ్యాచ్ కూడా మిగలలేదు. అలా మొదటి వంతు దక్కిన న్యూయార్క్ జూన్ 24న ఒటావాలో చెక్ ఫార్వర్డ్ క్రిస్టీనా కల్టౌన్‌కోవా పేరు చెప్పింది. మొదటి వంతులో ఎంపికైన తొలి యూరప్ క్రీడాకారిణి ఆమే. ఎల్లా షెల్టన్ అంతటి డిఫెండర్‌ను టొరంటోకు ఇచ్చి, మూడో వంతును కూడా సంపాదించి కేసీ ఒబ్రయన్‌ను తీసుకోవడం మాత్రం, నన్నడిగితే, కాస్త తెగింపే.

లీగులో కొత్తగా చేరిన సియాటిల్, వాంకూవర్ జట్లు అదే నెలలో పాత జట్ల నుంచి క్రీడాకారిణులను తీసుకున్నాయి. పాత జట్లు మొదట ముగ్గురిని మాత్రమే అట్టిపెట్టుకోవచ్చునన్నారు. బోస్టన్ గోల్‌కీపర్ ఏరిన్ ఫ్రాంకెల్‌ను, మేగన్ కెల్లర్‌ను, అలీనా మ్యూలర్‌ను ఉంచుకుని, 35 ఏళ్ల కెప్టెన్ హిల్లరీ నైట్‌ను వదులుకోగా, ఆమె సియాటిల్‌కు వెళ్ళింది. వయసు లెక్క నాకు అర్థమవుతుంది కానీ, కెప్టెన్‌ను వదులుకోవడానికి మనసెలా ఒప్పిందన్నదే నాకు అంతుపట్టడం లేదు. బోస్టన్ యాజమాన్యంలో నువ్వే ఉంటే ఆ నలుగురిలో ఎవరిని వదిలేసేవాడివో తప్పక రాయి.

ఇట్లు,
నీ మిత్రుడు