రొయ్యల చెరువుకూ ఒక సర్కారు డాక్టరు కావాలి

సంపాదకుడు గారికి,

మా ఊళ్ళో గేదెకు జ్వరం వస్తే పశువుల ఆసుపత్రికి తోలుకుపోతాం. అక్కడి డాక్టరుకు ప్రభుత్వం జీతమిస్తుంది, మందులు అమ్ముకోవాల్సిన పని ఆయనకు లేదు. రొయ్యకు రోగం వస్తే మాత్రం మేతల షాపుకే పోతాం. జబ్బేమిటో చెప్పేదీ, మందు రాసేదీ, అది అప్పుకిచ్చేదీ ఆ షాపే.

గత వేసవిలో మా రెండెకరాల వెనామీ రకం రొయ్యల చెరువులో అరవై రోజులు దాటాక ఎదుగుదల ఆగిపోయింది. మేత తింటున్నాయి కానీ కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) మారడం లేదు. నీటి మీద తెల్లటి దారాల్లా రెట్ట తేలుతోంది. షాపువాళ్ళు మూడుసార్లు మందు మార్చారు. అలా ఇరవై రోజులు పోయాయి. మా పెద్దమ్మాయి ముత్తుకూరు మత్స్య కళాశాలలో బీఎఫ్ఎస్సీ (మత్స్య శాస్త్ర డిగ్రీ) చదువుతోంది. సెలవులకు వచ్చి చెరువు చూసి, "నాన్నా, ఇది ఈహెచ్‌పీలా ఉంది, పీసీఆర్ పరీక్ష చేయిద్దాం" అంది. భీమవరంలో చేయిస్తే అదే తేలింది. అది రొయ్య లివర్‌లో పెరిగే సూక్ష్మజీవి. దాన్ని నయం చేసే మందు లేదు, యాంటీబయాటిక్ అసలే పనిచేయదు. ఉన్నది పట్టేసుకుని, చెరువు ఎండగట్టి, సున్నం దండిగా చల్లి, ఈసారి సీడును (రొయ్య పిల్లల్ని) పరీక్ష చేయించి వేసుకోవడమే దారి. ఈ మాట మొదటి వారంలోనే ఎవరైనా చెప్పి ఉంటే మందుల డబ్బులూ, ఇరవై రోజుల మేతా మిగిలేవి.

మా అమ్మాయి వెటర్నరీ సీటు రాక ఇందులో చేరింది. "చేపల చదువా?" అన్న చుట్టాలే ఇప్పుడు ఆమెకు ఫోన్ చేసి నీళ్ళ సంగతి అడుగుతున్నారు. నాలుగేళ్ళు నీటి గుణాలు, జబ్బులు, మేత తయారీ, హేచరీ (పిల్లల్ని పొదిగించే కేంద్రం) పని నేర్పుతారు. చివరి ఏడాది ఊళ్ళలోనూ హేచరీల్లోనూ పనిచేయిస్తారు. ముత్తుకూరు కళాశాల 1991 నుంచి ఉంది. తెలంగాణలో పెబ్బేరు కళాశాల 2017లో మొదలైంది. నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయం కోసం 2020లో చట్టం కూడా చేశారు. ప్రజల డబ్బుతో ఇంత చదువు చెప్పించాక, ఆ పిల్లల్లో కొందరు ఎఫ్‌డీవో (మత్స్య అభివృద్ధి అధికారి) ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటున్నారు, కొందరు మేత కంపెనీల్లో టెక్నీషియన్లుగా చేరిపోతున్నారు. నెలాఖరుకు ఇంత సరుకు అమ్మాలని టార్గెట్టు పెడితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? వాళ్ళను నేను తప్పుపట్టను.

ప్రభుత్వ ల్యాబులు అసలు లేవని అనడం లేదు. కానీ శాంపిల్ పట్టుకుపోయి రిపోర్టు కోసం తిరిగేలోపు మా పంట చేజారిపోతుంది. అందుకే నేను అడిగేది ఒకటే. చెరువులు ఎక్కువగా ఉన్న ప్రతి మండలంలో, పశువుల ఆసుపత్రిలాగే, బీఎఫ్ఎస్సీ చదివినవాళ్ళతో ఒక మత్స్య వైద్యశాల పెట్టాలి. నీళ్ళూ రొయ్యా అక్కడే పరీక్ష చేయాలి. నాలుగో ఏడాది విద్యార్థులను, వెంట ఒక అధ్యాపకుణ్ణి ఇచ్చి, సీడు వేసిన రోజు నుంచి రొయ్యలు పట్టే దాకా ఒక పూర్తి పంట అక్కడే ఉంచాలి. పిల్లలకు నిజమైన చెరువు దొరుకుతుంది, మాకు అమ్మకంతో పనిలేని సలహా దొరుకుతుంది. నిషేధించిన యాంటీబయాటిక్ తెలియక వాడితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది, ఆ దెబ్బ చివరికి మా ధర మీదే పడుతుంది. సరైన సలహా ఉంటే ఆ ప్రమాదమూ తగ్గుతుంది.

పరీక్షకు న్యాయమైన రుసుము పెడితే కడతాం. మా మండలానికి విద్యార్థులు వస్తే నా రెండెకరాల చెరువు, గట్టు మీది షెడ్డు వాళ్ళకు ఒక పంట కాలం ఇస్తాను.

ఒక రొయ్యల రైతు,
ఆకివీడు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా